సరోజనక్క జాకెట్

మా క్వార్టర్ల లైన్‌లో ఎవరు చిక్కారో, ఎవరు లావెక్కారో, ఎవరికి నెల తప్పిందో వాళ్ల మొగుళ్ల కంటే ముందు నాకు తెలుస్తుంది. ఇందులో నా గొప్పేమీ లేదు. నేను జాకెట్లు కుడతాను. టేపు ముందు దాపరికాలు నడవవు. గోదావరిఖనిలో మాది బొగ్గుబాయి క్వార్టర్. ముందు వరండాకు ఆకుపచ్చ నెట్టు కట్టి అందులో మిషన్ వేసుకున్నాను. పన్నెండేళ్లుగా ఈ ఆడవాళ్ల కొలతలన్నీ నా దగ్గరే ఉన్నాయి, కొలతలతో పాటు కొన్ని గుట్లు కూడా. "జ్యోతిరాణికి చెప్తే బాయిల ఏసినట్టే, పైకి రాదు" అని నాకు పేరు. మొన్నటి ఎండాకాలం ఆ పేరే నన్ను ఊపిరాడనివ్వలేదు.

ఏప్రిల్‌లోనే ఎండ నలభై నాలుగు దాటింది. పైగా పెండ్లిళ్ల సీజన్. ఎదురు క్వార్టర్ తిరుమల తన బిడ్డ పెండ్లి మే నెలాఖరుకు పెట్టుకుంది. ఇప్పుడు పెండ్లంటే పసుపు దంచేనాడు ఆడవాళ్లంతా ఒకే రంగు చీరలు కట్టాలి, వరసగా నిలబడి ఫొటోలు దిగాలి. తిరుమల పద్నాలుగు పసుపు చీరలు తెచ్చి లైన్‌లో పంచింది. పద్నాలుగు జాకెట్లూ నా నెత్తిన పడ్డాయి. మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ చేస్తే కిటికీలు గలగలమంటాయి, కాసేపటికి బొగ్గు దుమ్ము వచ్చి బట్టల మీద వాలుతుంది. పసుపు గుడ్డను ఆ దుమ్ము నుంచి కాపాడుకోవడమే సగం పని.

పద్నాలుగింటిలో ముందు కుట్టాల్సింది సరోజనక్కది. ఎందుకంటే పసుపు దంచేటప్పుడు రోకలి మీద మొదటి చెయ్యి ఆమెదే పడాలి. మా లైన్‌లో అది రివాజు. ఆమె చెయ్యి పడిన పెండ్లి పెటాకులైన దాఖలా లేదని అందరి నమ్మకం. యాభై రెండేళ్ల మనిషి, ఇంత బొట్టు, మోచేతుల దాకా గాజులు. ఎవరింట్లో శుభకార్యమైనా కుంకుమ భరిణె ముందు ఆమె గడపకే పోతుంది.

ఆ సరోజనక్కకు ఎడమ రొమ్ము లేదు.

నాలుగేళ్ల కింద హైదరాబాదులో తీసేశారు. "నిర్మల్‌ల బిడ్డ కాన్పున్నది" అని చెప్పి అప్పుడు ఆరునెలలు ఇక్కడ లేకుండా పోయింది. తిరిగొచ్చేటప్పటికి గుండు. "వేములవాడల తలనీలాలు ఇచ్చిన" అంది. అందరూ ఆమె భక్తికి చేతులు జోడించారు. నేనూ జోడించాను. వారం తర్వాత ఒక మధ్యాహ్నం మా ఇంట్లోకి వచ్చి, తలుపు దగ్గరికేసి, పైట తీసింది.

"ఏడ్వకే. జాకెట్ కుట్టు. ఎవ్వలకు ఎరుక కావద్దు" అంది. అక్కడే గుడ్డ పీలికలతో ఆడుకుంటున్న నా బిడ్డ అక్షితను దగ్గరికి పిలిచి, నా చెయ్యి తీసి దాని నెత్తి మీద పెట్టించింది. "ఒట్టెయ్. నోరు తెరిచి ఎవ్వలతోని అననని."

వేశాను. అక్షితకు అప్పుడు నాలుగేళ్లు.

అప్పటి నుంచి ఆమె జాకెట్లకు ఎడమవైపు లోపల ఒక సంచి కుడుతున్నాను. దూది కూరి, బరువు కోసం మధ్యలో గుప్పెడు ఆవాలు పోస్తాను. బరువు లేకపోతే ఆ వైపు పైకి జరుగుతుంది, పైట నిలవదు. మొదటిది మూడుసార్లు విప్పి కుట్టాను. నా చేతి పనిలో అంత బాగా కుదిరింది ఇంకొకటి లేదు. ఎవరికీ చూపించుకోలేకపోవడం ఒక్కటే వెలితి.

ఏప్రిల్ ఆఖర్లో శ్యామల వచ్చింది. లైన్ చివరి క్వార్టర్ వాళ్లది. అంగన్‌వాడీలో ఆయాగా చేస్తుంది, ఆమె మొగుడు ఇస్తారి బాయి పనికి పోతాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. నవ్వకుండా ఒక్క మాట మాట్లాడదు. కొలతకు తెచ్చిన ఆది జాకెట్ నా ఒళ్లో పడేసి వెళ్లబోతుంటే, దాన్ని తిరగేసి చూసిన నాకు లోపల కుడివైపు లైనింగ్ మీద మరక కనిపించింది. గోధుమ రంగులో ఎండిపోయి ఉంది. పసరు వాసన వేస్తోంది.

"ఇదేందే?"

"చెమట."

"చెమట నీకు ఒక్క దిక్కే పోస్తదా?"

నవ్వింది. ఆ తర్వాత నెట్టులోంచి అటూ ఇటూ చూసి స్టూలు మీద కూర్చుంది. "గడ్డ అక్కా. దీపావళి సంది ఉన్నది. నొప్పేం లేదు. ఖానాపూర్ దిక్కు ఒకాయన పసరిస్తుండు, కట్టుకుంటున్న."

కొలత కొత్తగా తీసుకోవాలని చెప్పి టేపు చుట్టాను. వేళ్ల కింద అది తగిలింది. నేను గీతలు గీసుకునే సుద్దబిళ్లంత గట్టిగా ఉంది.

"శ్యామలా, పసరు పక్కకు పడేసి దవఖానకు పో."

"పోతే కోస్తరు. చొప్పదండిల మా చిన్నవ్వ కోపిచ్చుకున్నది. మూన్నెల్లు గూడ ఉండలే. కత్తి తాకినంక అది ఊకుంటదా అక్కా? ఒళ్లంత పాకుతది."

"అందరు గట్లనే పోతరా?"

"అయితే కోసినంక బత్కినోళ్లను ఒక్కలను చూపియ్. మన దిక్కోళ్లను, నేను మొఖం చూసి మాట్లాడేటట్టు. రేపే పోత."

అప్పుడు మిషన్ పాదం కింద ఉన్నది సరోజనక్క జాకెట్టే. ఎడమ భుజం కుడుతున్నాను. దాని మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. శ్యామల నవ్వుతూనే అడిగింది గానీ, అడిగి నా నోటి వైపు చూస్తూ ఉండిపోయింది. ఎవరో ఒకరి పేరు చెబుతానని నిజంగానే ఆశపడింది.

"ఫోన్ల చూపిస్త, మస్తు మందున్నరు" అన్నాను.

"ఫోన్లోళ్లకేంది అక్కా, వాళ్లు ఏమన్న చెప్తరు" అని లేచి దులుపుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే సరోజనక్క ఇంటికి పోయాను. వాకిట్లో పాత చీర పరిచి మామిడి ఒరుగులు ఎండబెడుతోంది. నేనూ పక్కన కూర్చుని నాలుగు ముక్కలు సర్దాను. చిన్నపిల్లలు అడిగినట్టే అడిగాను. "అక్కా, నా ఒట్టు తీసి గట్టు మీద పెట్టవా? ఒక్క శ్యామలకే చెప్త." అని గడ్డ సంగతంతా చెప్పాను.

ఆమె ముక్కలు సర్దడం ఆపలేదు. "ఒక్కదానికి చెప్తే లైనంత చెప్పినట్టే."

"దాని పానం పోతది అక్కా."

"దవఖానకు పోవద్దని నేనన్ననా? తీస్కపో. నన్నెందుకు మధ్యల గుంజుతవ్?"

"బత్కినోళ్లను చూపియ్యమంటుంది. నిన్ను చూస్తే పోతది."

అప్పుడు చేతులు ఆపింది. "రామవ్వ యాదికున్నదా నీకు? ఆమెకు కడుపుల క్యాన్సరని తెల్సినంక ఎవలన్న రోకలి పట్టనిచ్చిండ్రా? తిట్టలే, కొట్టలే. మర్యాదగనే పక్కకు పెట్టిండ్రు. 'నువ్వు కూసో రామవ్వా, అలిసిపోతవ్' అన్నరు. రెండేండ్లు గట్ల కూసునే పోయింది. ఆ మాట ముందుగాల అన్నదెవలో ఎరుకేనా? నేనే. ఈ నోటితోనే అన్న." గొంతు తగ్గించి మళ్లీ అంది. "నన్ను కూసో అంటే నేను తట్టుకోలేనే. నీ బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టినవ్. మర్చిపోకు."

ఇంటికి వచ్చేటప్పుడు ఆమె మీద ఒళ్లు మండిపోయింది. ఒక రోకలి కోసం ఒక మనిషిని చంపుకుంటుందా అనిపించింది. మరి నాకేమైంది? నేను చెప్పేయొచ్చు కదా? చెప్పలేను. చదువుకున్నాను, పదో తరగతి పాసయ్యాను, ఒట్లు మనుషులను చంపవని నాకు తెలుసు. తెలిసినా ఆటకు పోయిన అక్షిత రావడం పది నిమిషాలు ఆలస్యమైతే రోడ్డు దాకా పరుగెత్తుతున్నాను.

మే మొదటి వారంలో ఒకరోజు తెగించాను. ఏమైతే అదైంది, ఈ పూట శ్యామలకు చెప్పేస్తానని చెప్పులేసుకున్నాను. అక్షిత ఎదురొచ్చింది, నుదుటి మీద ఇంత సెగగడ్డ. మామిడి పండ్లు తింటే ఎండాకాలం ఏ పిల్లకైనా లేస్తుంది. ప్రతి ఏడూ దానికి లేస్తూనే ఉంది. కానీ ఆ రోజు లేవడం, నేను చేయి పెట్టిన చోటికి బెత్తెడు దూరంలో లేవడం చూసి చెప్పులు విప్పేశాను. గడ్డ పగిలి మానడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ నేను శ్యామల క్వార్టర్ వైపు చూడలేదు. ఇప్పటికీ ఆ పది రోజులు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మా ఆయన లక్ష్మీరాజం నైట్ షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకుంటాడు. లేచి టీ తాగుతూ నన్నే చూశాడు. "ఏమైందే? సూది మింగినట్టు మొఖం పెట్టినవ్."

"ఎండ" అన్నాను. మొగుడికి చెప్పినా చెప్పినట్టే కదా. ఆయన అంతకంటే అడగలేదు, కూలర్‌లో నీళ్లు పోసి వచ్చాడు.

ఆశా కార్యకర్తను బతిమాలి శ్యామల ఇంటికి పంపాను. శ్యామల ఆమెకు మజ్జిగ ఇచ్చి, నవ్వించి, పంపేసింది. ఇస్తారికి చెబుతానని బెదిరించాను. "ఆయనకు ఎరుకే. పసరు తెచ్చేదే ఆయన" అంది. జాకెట్ ట్రయల్‌కు వచ్చినప్పుడు కుడి చంక దగ్గర బిగుతైంది. రెండు వారాల కింద నేనే తీసిన కొలత. అరంగుళం వదులు చేశాను. ఆ వరండాలో మూడు వైపులా పసుపు జాకెట్లు వేలాడుతున్నాయి. వాటి మధ్య కూర్చుని, గట్టిగా అరవాలనిపించి, మిషన్ తొక్కాను.

పసుపు దంచేది గురువారం. సోమవారం నాటికి పద్నాలుగూ అయిపోయాయి. ఇస్త్రీ చేసి, కవర్లలో పెట్టి, పేర్ల చీటీలు గుచ్చాను. తర్వాత అందరితో పొరపాటైందనే చెప్పాను. అన్నీ ఒకే రంగు, ఎవరైనా నమ్ముతారు. కానీ పొరపాటు కాదు. సరోజనక్క జాకెట్ శ్యామల కవర్లో పెట్టాను. శ్యామలది సరోజనక్క కవర్లో పెట్టాను. నోరు తెరిచి చెప్పనని కదా ఒట్టు, నోరు తెరవలేదు. పోచమ్మకు ఒక కోడిని మొక్కుకుని, రెండు కవర్లూ నేనే పోయి ఇచ్చి వచ్చాను.

అర్ధగంటలో శ్యామల వచ్చింది. మొదటిసారి నవ్వకుండా వచ్చింది. జాకెట్ నా ముందు పరిచి, ఎడమవైపు సంచిని వేళ్లతో నొక్కింది. లోపల ఆవాలు కరకరలాడాయి.

"ఎవలది ఇది?"

నేను మిషన్ మీది దారపు ముక్కలు ఏరుతున్నాను.

"నలభై సైజున్నది. గీ లైన్ల గంత మనిషి సరోజనక్కనే." సంచి మీది నుంచి చెయ్యి తీయలేదు. "కోసిండ్రా ఆమెకు?"

"నన్ను అడుగకు. ఒట్టున్నది."

"ఎన్నేండ్లాయె?"

నాలుగు వేళ్లు చూపించాను. శ్యామల ఆ నాలుగు వేళ్లను పట్టుకుంది. అంతలో నెట్టు పక్కకు జరిగింది. సరోజనక్క నిలబడి ఉంది, చేతిలో శ్యామల జాకెట్. "ఏందే జ్యోతీ, గిది నా మోచెయ్యి కూడ పట్టది" అంటూనే వచ్చింది. శ్యామల ముందు పరిచి ఉన్నదాన్ని చూసి ఆగిపోయింది.

నేను మిషన్ మీద తల దించుకున్నాను. ఆమె లోపలికి వచ్చి తన జాకెట్ తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, కొంగు కింద దాచుకుంది. "బిడ్డ మీద ఒట్టేసినవ్ గదనే" అంది. అరిస్తే బాగుండేది. మామూలుగా అంది.

గుమ్మం దాటబోతుంటే శ్యామల పిలిచింది. "అక్కా. నొప్పయ్యిందా?"

సరోజనక్క తిరగలేదు. ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ అయింది. కిటికీలు అదిరి, మళ్లీ నిమ్మళించాయి.

"కోసేటప్పుడు కాలే" అంది చివరికి. "మత్తుసూది ఇచ్చిండ్రు. లేచినంక అయింది. చెయ్యి లేవకపోయేది. గోడకు వేళ్లు పెట్టి రోజింత పైకి పాకిచ్చుకుంట లేపిన." ఇటు తిరిగింది. "చిన్నవ్వను చూసి భయపడుతున్నవా? ఆమె ఎన్ని దినాలు దాచుకున్నది?"

"రెండేండ్లు."

"దాచుకునుడే చంపింది. కత్తి గాదు."

శ్యామల ఏడ్చింది. ఆమె ఏడుపు మా లైన్‌లో ఎవరూ అంతకు ముందు వినలేదు. సరోజనక్క స్టూలు లాక్కుని ఆమె ముందు కూర్చుంది. నేను అక్కడ లేనట్టే ఇద్దరూ మాట్లాడుకున్నారు. జుట్టు గురించి, వాంతుల గురించి, మొగుడు పక్కన పడుకుంటాడా లేదా అన్నదాని గురించి కూడా.

"నువ్వొస్తవా అక్కా నాతోని? ఒక్కదాన్నయితే గేటు దాక పోయి మర్లొస్త."

సరోజనక్క గాజులు తిప్పుకుంది. "కరీంనగర్‌ల పెద్ద డాక్టర్ గురువారమే వస్తడు" అంది. "పసుపు గురువారమే."

"అయితే వచ్చే వారం పోదాం."

"వచ్చే వారం నువ్వు రావు. నాకెరుక. నేను గూడ నాలుగుసార్లు వచ్చే వారమే అన్న."

గురువారం పొద్దున ఆరున్నర బస్సుకు ఇద్దరూ స్టాపు దగ్గర నిలబడ్డారు. ఇద్దరూ పసుపు చీరల్లోనే ఉన్నారు. సాయంత్రానికి తిరిగొస్తే ఫొటోలకైనా అందుతామని శ్యామల అంది. నేను ఇద్దరికీ ఇడ్లీ కట్టుకుని పోయాను. సరోజనక్క డబ్బా తీసుకుంది, నా మొఖం చూడలేదు.

తిరుమల కుంకుమ భరిణె పట్టుకుని పరుగున వచ్చింది. "ఇంటికి పోతే తాళమున్నది. ఎటు పోతున్నవక్కా? ఎనిమిదింటికే ముహూర్తం. నీ చెయ్యి పడందే మొదలుపెడ్తమా?" అంటూ బొట్టు పెట్టడానికి వేలు ముంచింది.

"జర ఆగు తిరుమలా. నా మాట విని, అప్పుడు పెట్టు" అంది సరోజనక్క. మొదటి షిఫ్టు వాళ్లు సైకిళ్ల మీద, బండ్ల మీద పోతూనే ఉన్నారు. వాళ్లు వింటారని గొంతు తగ్గించలేదు. "నాకు రొమ్ము క్యాన్సరయింది. నాలుగేండ్ల కింద ఎడమది తీసేసిండ్రు. నిర్మల్ పోలే, వేములవాడ పోలే. ఇప్పుడు శ్యామలను చూపియ్యడానికి పోతున్న."

తిరుమల వేలు కుంకుమతో అట్లాగే ఆగిపోయింది. చెడ్డ మనిషి కాదు తిరుమల. బిడ్డ పెండ్లి చేస్తున్న తల్లి. కళ్లలో నీళ్లు తిరిగాయి ఆమెకు. "అయ్యో అక్కా... ఒక్కదానివే పడ్డవా ఇన్ని దినాలు" అంది. అని, ఆ వేలు మెల్లగా భరిణెలోకే తీసుకుంది. "పోయిరా అక్కా. పైలం. అలిసిపోతవ్" అంది.

సరోజనక్క చిన్నగా నవ్వింది. బస్సు వచ్చింది. శ్యామలను ముందు ఎక్కించి తాను వెనక ఎక్కింది.

ఎనిమిదింటికి పక్క క్వార్టర్ యాదవ్వ చెయ్యి మొదట పడింది. నేనూ దంచాను. ఫొటోల్లో పన్నెండు మందిమి ఉన్నాం.

శ్యామలకు జూన్ మొదట్లో ఆపరేషన్ అయింది. ఇంకో రెండు మూడు నెలలు ఆగి ఉంటే చేతిలో ఉండేది కాదని డాక్టర్ అన్నాడట. మందు ఎక్కించడం మొదలైంది. ఇప్పుడు లైన్‌లో దాపరికం ఏమీ లేదు. రోజుకొక ఇంటి నుంచి శ్యామలకు బువ్వ పోతుంది. ఆమె పిల్లల బడి సంచులు తిరుమల సర్దుతుంది. దవఖానకు పోయే ప్రతిసారీ సరోజనక్క పక్కన ఉంటుంది. వెనక లైన్ అనసూర్య కడుపుబ్బరమని ఏడాదిగా గోలీలు మింగుతున్నది, ఆమే వచ్చి "నన్ను గూడ తీస్కపో అక్కా" అని అడిగింది. సరోజనక్క తీసుకుపోయింది. అండాశయంలో గడ్డ బయటపడింది.

ఆ ఎండాకాలం అయిపోయేలోపు మా దగ్గర ఇంకో మూడు పెండ్లిళ్లు జరిగాయి. మూడింటికీ సరోజనక్కను పిలిచారు. కుర్చీ వేసి, ఫ్యాన్ తిప్పి, ముందు వరసలో కూర్చోబెట్టారు. రోకలి మాత్రం ఎవరూ ఆమె చేతికి ఇవ్వలేదు.

మృగశిర కార్తె పోయి ముసురు పట్టాక, ఒక మధ్యాహ్నం సరోజనక్క శ్యామలను వెంటబెట్టుకుని వచ్చింది. కుట్లు మానాయి, కొలత తీసుకోవాలి. శ్యామల లోపలికి వచ్చింది. సరోజనక్క నెట్టు బయట తుంపరలో కొంగు నెత్తిన వేసుకుని నిలబడింది. మే నెల నుంచి ఆమె నాకు ఒక్క జాకెట్ ఇవ్వలేదు. మార్కెట్లో ఎవరి దగ్గరో కుట్టించుకుంటోందని విన్నాను.

బయటికి పోయాను. "లోపలికి రా అక్కా. తడుస్తున్నవ్."

"మంచిగనే ఉన్న."

"నేను తప్పు చేసిన్నా?"

ఆమె నా వైపు చూసింది. జాకెట్లు మారిన ఆ సోమవారం తర్వాత నన్ను సూటిగా చూడటం అదే మొదలు. "తప్పు చేస్తే నాలుగు తిట్టి మర్చిపోదును. నువ్వు మంచి పనే చేసినవ్. శ్యామల కండ్ల ముందు తిరుగుతున్నది. నువ్వు గట్ల చెయ్యకుంటే నేను ఎన్నడు నోరు తెరువకపోదును, అది గూడ నాకెరుకే." కొంగు సర్దుకుంది. "గని జ్యోతీ, నిన్ను చూస్తే నా మీది బట్ట ఎవలో గుంజినట్టే అయితది. జర దూరమే ఉండనియ్ నన్ను."

నేను లోపలికి వచ్చి టేపు తీసుకున్నాను. మళ్లీ అదే రోజు వస్తే, ఆ రెండు జాకెట్లను మళ్లీ అట్లాగే మారుస్తాను. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అందుకే లోపలికి రాదు.